బోదకాలును మానని పుండ్లును: కత్తికి ముందు చేయవలసిన చికిత్స

ఊడ్పుల కాలమున కూలివాండ్రు దొరకుట లేదని మన సంఘసభ్యులు ప్రతి సంవత్సరమును మొఱపెట్టుకొనుచుందురు. దొరకిన వారిలోను, స్వయముగ మడిలో దిగు చిన్నరైతులలోను, నడుమ నాలుగైదు దినములు పనికి రాక మంచముపట్టు వారు పలువురు కలరు. విచారింపగా, “చలిజ్వరము వచ్చినది, గజ్జలో బిళ్ల కట్టినది, కాలు ఎఱ్ఱనై మండుచున్నది” అని చెప్పుదురు. ఆ జ్వరము తగ్గును. కాలు మాత్రము మునుపటికంటె కొంచెము లావగును. మరుసటి ఏట మరల నదియే కథ. పది పదునైదు ఏండ్లలో ఆ కాలు స్తంభమువలెనై, చర్మము ముడుతలుపడి, ఆ ముడుతలలో పుండ్లు లేచి, దుర్వాసనకు జంకి ఆ మనిషి పెండ్లికిగాని సంతకుగాని పోవుట మానివేయును. గోదావరి, కృష్ణా డెల్టాలలోను, శ్రీకాకుళ, విశాఖ ప్రాంతములలోను, తెలంగాణమున కొన్ని జిల్లాలలోను ఇట్టి కాలు చూడనివారు అరుదు.

సేద్యపు మెళకువలు చూపువాడు వైద్యమును గూర్చి వ్రాయనేల యని కొందఱడుగవచ్చును. ఎద్దు కుంటినచో ఆ దినమే పశువైద్యునికి కబురంపెడి మనము, దున్నువాని కాలు పదియేండ్లుగ వాచియున్నను కర్మమని యూరకుందుము. ఇది నాకు సబబుగ దోపలేదు. అదియుగాక, ఈ వ్యాధి మూలమును గ్రహించుటకు వైద్యశాస్త్రము చదివినవారికంటె డెల్టా రైతునకే యెక్కువ సులభము. ఏలయనగా ఇది ముఖ్యముగ మురుగునీటి పారుదల సంగతి.

కాలువనుండి పంటబోదెకు, బోదెనుండి మడికి నీరు వచ్చుట సేద్యములో సగము మాత్రమే. వచ్చిన నీటిలో మిగులు మురుగు కోడులోనికి దిగిపోవుట రెండవ సగము. కోడు పూడినచో ఎంత మంచి నీరు పెట్టినను పైరు కుళ్ళునుగదా! దేహమందును అట్లే. రక్తనాళములనుండి ఊరిన నీరు కండలకును చర్మమునకును ఆహారమిచ్చి, చాలవఱకు మరల రక్తములోనికే చేరును. మిగిలిన దానిని తీసికొనిపోవుటకు వేఱుగ సన్నని గొట్టములు కలవు. వీనిని శోషరస నాళములందురు. ఇవి దినమునకు రెండు మూడు లీటర్లకు పైగా రసమును మోసి, గజ్జలలోను చంకలలోను ఉండు బిళ్లలగుండ పోనిచ్చి, తుదకు మెడదగ్గఱ రక్తములో కలుపును. త్రోవపొడవునను చిన్నచిన్న తలుపులు కలవు. రసము పైకి పోవునేగాని క్రిందికి జాఱదు. ఈ నాళములను నడిపించుటకు గుండెవంటి యంత్రము ప్రత్యేకముగ లేదు. నాళములు తమంతట తాము ముడుచుకొనుటయు, మనము నడచునపుడు పిక్క కండ వానిని పిండుటయు, ఈ రెండే వానికి బలము.

బోదపురుగు కాపురముండునది ఈ నాళములలోనే. నూలుపోగువలె సన్నమై, ఆడుది ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవున, మగది అందులో సగముగ నుండును. కొన్ని సంవత్సరములు బ్రదుకును. దీని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగును. క్యూలెక్సు జాతి దోమ కుట్టినపుడు దానిలో చేరి, కొంత పెరిగి, మఱియొకని దేహమున ప్రవేశించును. ఆ దోమ పుట్టునది మురికినీటి గుంటలలో, మూతలేని కాలువలలో, మరుగుదొడ్ల తొట్లలో. ప్రాతనీరు విస్తారముగ నిలిచి, అన్ని ఋతువులయందును చల్లగనుండు దేశములలో శ్లీపదము విశేషముగ గలుగునని సుశ్రుతసంహిత చెప్పుచున్నది. దోమ సంగతి ఎవ్వరికిని తెలియని కాలమున, రోగులుండు తావులను మాత్రము చూచి ఇంత కనిపెట్టిన ఆ పెద్దల పరిశీలన మెచ్చదగినది. దోమవలన పురుగు వ్యాపించు మార్గమును చీనాదేశమున అమోయ్ రేవులో నుండిన పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877లో మొదట కనుగొనెను.

పురుగు పిల్లలను చంపు మందు మన డెల్టా బిడ్డ నడపిన ప్రయోగశాలనుండియే లోకమునకు వచ్చినదన్న సంగతి మనలో చాలమందికి తెలియదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతిగ నుండగా, వారి బృందమువారు డైఇథైల్‌కార్బమజీన్ అను మందును కనిపెట్టి 1947లో ప్రకటించిరి. సుబ్బారావుగారు ఆ మరుసటి యేటనే, 1948లో, కాలధర్మము నొందిరి. ఆరోగ్యశాఖవారు ఊరూర పంచునది నేటికిని ఈ మందే. 2004వ సంవత్సరమునుండి దేశములో ఏటేట సామూహికముగ దీనిని పంచు కార్యక్రమము సాగుచున్నది. పిదప ఆల్బెండజోలు చేర్చిరి. 2018నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టినును గూడ కలిపి మూడు మందులిచ్చుచున్నారు.

అయితే ఇచ్చట నొక పొరపాటు జనులలో పాతుకొనియున్నది. మాత్రలు మ్రింగినచో వాచిన కాలు సన్నబడునని యెదురుచూచి, అట్లు కానందున “ఈ మాత్రలెందుకును పనికిరావు” అని పాఱవేయుదురు. మాత్ర పని వేఱు. అది రక్తములోని పిల్లలను చంపి, దోమకు అందకుండ జేసి, పొరుగువాని కాలును కాపాడును. చెడిపోయిన నాళపు తలుపులను మరల బిగింపలేదు. కోడుకు గండిపడిన పిదప, గండికొట్టిన పీతను చంపినంతమాత్రమున గట్టు తనంతట లేచి నిలువదుగదా. కావున మాత్రలు తీసికొనవలసినదే. కాలికి చేయవలసిన చికిత్స మాత్రము వేఱుగ నున్నది.

ఆ చికిత్సకు దారిచూపినవారిలో ముఖ్యురాలు బ్రెజిలు దేశమున రెసీఫె నగరపు వైద్యురాలు జెరూజా డ్రెయర్. ఈమె 1990 దశకమున రోగుల కాళ్లను దినదినము పరీక్షించి తేల్చిన సంగతి యిది. కాలు ఏటేట లావగుటకు కారణము పురుగు ఒక్కటియే కాదు. పురుగు నాళమును వదులు చేయును, పారుదల మందగించును, నిలిచిన రసములో మాంసకృత్తులు చిక్కనై యుండును. అప్పుడు కాలివ్రేళ్ల సందున నొక చిన్న చీలికద్వారా బయటి సూక్ష్మక్రిములు లోపల ప్రవేశించినచో, వానికి విత్తునకు దుక్కిమడి దొరకినట్లగును. అదే చలిజ్వరము, అదే గజ్జలోని బిళ్ల. అట్టి పూన్కు ఒక్కొక్కటి వచ్చి పోయినపుడెల్ల నాళములు మఱికొన్ని పూడిపోవును. చర్మము క్రింద నార గట్టిపడును. కాలు మఱికొంత లావగును. పూన్కులను ఆపగలిగినచో వాపు పెరుగుట ఆగును. తొలిదశలలో నున్నచో తగ్గుటయు కలదు. పూన్కులను ఆపుటకు ముఖ్యోపాయము ఆ చీలికను మూసివేయుట. డ్రెయర్ తన రోగులను సంఘములుగ గూర్చి, ఒకరి కాలు ఒకరు చూచుకొనుచు, ఒకరికొకరు నేర్పుకొనునట్లు చేసెను. వానికి ఆశాసంఘములని పేరు. సహకారమన్న మాట మన బ్యాంకు పద్దులకే పరిమితము కాదని చూపుటకు ఇంతకు మించిన నిదర్శన మేమి కావలయును?

కావున ఈ పత్రిక చదువువారు, వాపు ఉన్నను లేకున్నను, రేపు ఉదయము తమ కాలివ్రేళ్లను విడదీసి వెలుతురులో చూచుకొనవలయును. నాలుగవ వ్రేలికిని చిటికెనవ్రేలికిని నడుమ సందు ముఖ్యము. అచ్చట చర్మము నాని తెల్లబడి, పొరలుపొరలుగ లేచి, అడుగున ఎఱ్ఱని చీలిక కనబడినచో అదియే తలుపు. బురదలో నిలుచువారికి ఇది మిక్కిలి సామాన్యము గనుక దీనిని వ్యాధిగ నెంచరు. దుఱద పెట్టినచో గట్టుపై రాచుకొందురు.

కడుగుట యనగా నేమో వివరముగ వ్రాసెదను. “కాళ్లు రోజును కడుగుచునే యున్నాము” అని చాలమంది అందురు. బావిదగ్గఱ రెండు చెంబులు గ్రుమ్మరించుకొనుట కడుగుట కాదు.

ఒక తొట్టి, ఒక చెంబు, పరిశుభ్రమైన నీరు, వాసనలేని సాధారణపు సబ్బు, రెండు మెత్తని ప్రాతగుడ్డలు కావలయును. నీరు చల్లగనో, గోరువెచ్చగనో యుండవచ్చును. వేడినీరు పనికిరాదు, స్పర్శ తగ్గిన కాలు బొబ్బలెక్కినను తెలియదు. ముందుగ చేతులు కడుగుకొనవలయును. కాలిని తొట్టిపై నుంచి పైనుండి నీరు పోసి తడిపి, సబ్బును చేతులకు రాచుకొని, ఆ నురుగును మోకాలివద్దనుండి క్రిందికి మెల్లగ పూయవలయును. పీచుతోగాని రాతితోగాని రుద్దరాదు. ముడుతలను విడదీసి లోపల కడుగవలయును. ముడుత లోతుగనున్నచో మెత్తని గుడ్డ పేలికను లోపలకు దూర్చి ఇటునటు లాగవలయును. తుదకు వ్రేళ్ల సందులు ఒక్కొక్కటి. జాఱు నీరు తేటగ వచ్చువఱకు పోయవలయును.

పిదప తుడుచుట. ఈ సగమునే జనులు విడిచిపెట్టుదురు. తడిసిన కాలు ఆరనిచో కడుగనిదానికంటె చెడ్డది. గుడ్డతో అద్ది అద్ది తడి తీయవలయును. వ్రేళ్ల సందులకు వేఱొక చిన్న గుడ్డ నుపయోగింపవలయును. తెల్లని చీలికలున్నచోట బూజును చంపు లేపనము, విట్‌ఫీల్డు లేపనమైనను క్లోట్రిమజోలైనను, పలుచగ పూయవలయును. చీము పట్టిన పుండున్నచో వైద్యుడు చెప్పిన మందు వేఱు. గోళ్లు పొట్టిగ నుండవలయును; పైచర్మమును గిల్లి తీయరాదు.

నేను బాలుడనై మిషను పాఠశాల వసతిగృహమున నున్నపుడు, సాయంకాలపు ఆట ముగిసినవెనుక ఎనామెలు బేసినుముందు వరుసగ నిలిచి, కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తుడిచి, పెద్దమ్మగారికి చూపినగాని భోజనపు గంట మాకు మ్రోగెడిది కాదు. అపుడది వట్టి చాదస్తముగ దోచెడిది. డ్రెయర్ పద్ధతి చదివినపుడు ఆ బేసిను గుర్తువచ్చినది.

కాలు కడిగి ఆరనిచ్చినపిదప దానికి పారుదల కల్పింపవలయును. కూర్చున్నపుడు మడమ తుంటి యెత్తున పీటపై నుండవలయును. రాత్రి మంచపు కాళ్లచివరి కోళ్లక్రింద రెండేసి ఇటుకలు పెట్టినచో చాలును. తలగడలు జాఱును, ఇటుకలు జాఱవు. గుండెజబ్బుండి, పండుకొన్నపుడు ఆయాసము వచ్చువారు మాత్రము వైద్యుని అడిగియే ఇట్లు చేయవలయును. గోడ పట్టుకొని మునివ్రేళ్లపై లేచి దిగుట, పాదమును గుండ్రముగ త్రిప్పుట మొదలైనవి పిక్క కండకు పని చెప్పును. ఆ కండయే మన పంపు.

బురదలో దిగక బ్రదుకు గడువనివానికి ఈ చికిత్స యేల పట్టునని యడుగుదురు. సరియైన ప్రశ్నయే. వాచిన కాలికి తెఱపి పుండున్న దినములలో మడిలో దిగుట మానవలయును. ఎలుకజ్వరపు క్రిమియు ఆ దారినే వచ్చును. తక్కిన దినములలో మడినుండి లేచిన వెంటనే, ఇంటికి వచ్చువఱకు ఆగక, మంచినీటితో కడిగి తుడుచుకొనవలయును. అన్నపు గిన్నెతోడనే యొక పొడిగుడ్డ తీసికొని పోవుట కష్టము కాదు. మెట్టసేద్యమున, కళ్లమున, తోటలలో చెప్పులు విడువరాదు. రబ్బరు బూట్లు తొడుగువారు వానిని రాత్రి తలక్రిందులు చేసి ఆరవేయవలయును. లోపల చెమటతో నానిన కాలు మడిలో నానిన కాలివంటిదే.

చెప్పుల విలువను ఇథియోపియా రైతులు మనకంటె బాగుగ నెఱుగుదురు. అచ్చటి మిట్టప్రాంతములలో అగ్నిపర్వతపు శిలలు చితికి యేర్పడిన ఎఱ్ఱనేలపై ఏండ్లతరబడి వట్టికాళ్లతో దున్నువారికి, పురుగు దోమల ప్రసక్తియే లేకుండ, అచ్చముగ బోదకాలువంటి వాపు వచ్చును. దానికి పోడోకోనియోసిస్ అని పేరు. మట్టిలోని అతిసూక్ష్మమైన రేణువులు పాదపు చర్మమున చొచ్చి నాళములను పాడుచేయును. ఆ దేశపు ఉత్తరభాగమున 696 మంది రోగులను రెండు భాగములుగ జేసి, ఒక భాగమువారికి కడుగుట, లేపనము, కట్టు, వ్యాయామము, మేజోళ్లు, చెప్పులు అమర్చి, రెండవ భాగమువారికి ఒక సంవత్సరము తరువాత అమర్చిరి. ఫలితములు 2018లో వెలువడెను. చికిత్స పొందినవారికి మనిషికి సంవత్సరమునకు 19.4 పూన్కులు, పొందనివారికి 23.9. ఈ తేడా చూచి “ఇంతేనా” యని కొందఱు పెదవి విఱువవచ్చును. ఏడాదికి నాలుగున్నర పూన్కులు తగ్గుట యనగా, అన్నిసార్లు మంచమెక్కకుండ పనికి పోవుటయని దినకూలివాడు వెంటనే లెక్కవేసికొనును. ఇది ఆసుపత్రిలో గాక సామాన్య గ్రామములలో, సబ్బుతోను గుడ్డతోను వచ్చిన ఫలమని గూడ గమనింపవలయును.

తరువాతిది ఒత్తిడి. వాచిన కాలికి పట్టీ చుట్టుట సామాన్యమైన పనివలె కనబడునుగాని, ఇందులో మెళకువ చాల కలదు. పాదపు వ్రేళ్ల మొదటినుండి మోకాలివఱకు, చీలమండవద్ద బిగువుగను పైకి పోనుపోను వదులుగను చుట్టవలయును. తాడు బిగించినట్లు ఒకేచోట బిగువైనచో దాని క్రింద మఱింత వాచును. ఎక్కువ సాగని పట్టీ మేలు. నడచునపుడు ఉబ్బిన పిక్క ఆ గట్టి పట్టీకి తగిలి నాళములను పిండును. దీనితోపాటు చర్మమును మెల్లగ నిమిరి రసమును మంచి నాళములవైపు త్రోయు హస్తచికిత్స యొకటి కలదు. డెన్మార్కు దేశస్థులైన ఎమిల్ వోడ్డర్, ఆయన భార్య ఎస్ట్రిడ్ దీనిని 1930 దశకమున రూపొందించి 1936లో పారిసునగరమున ప్రదర్శించిరి. వోడ్డర్ వైద్యపట్టము పొందినవాడు కాడు. పిదప జర్మనీలో మిఖాయేల్ ఫోల్డి అను వైద్యుడు నిమురుట, కట్టు, వ్యాయామము, చర్మరక్షణ నాలుగింటిని జతపఱచెను. నేడు లోకమంతట శోషరసపు వాపునకు మొదటి చికిత్స ఇదే. రొమ్ము పుట్టునకు శస్త్రచికిత్సయైన స్త్రీలకు చేయి వాచినపుడును దీనినే చేయుదురు. మొదట కొన్ని వారములు దినదినమును కట్టి సన్నబఱచి, తరువాత కొలతకు కుట్టిన గట్టి మేజోడు ఎల్లపుడును తొడిగింతురు.

ఒత్తిడివలన పూన్కులు తగ్గునా యని ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రా నగరమున పరీక్షించిరి. కాలు వాచి, మాటిమాటికి చర్మము ఎఱ్ఱబడి జ్వరము వచ్చుచుండిన 84 మందిలో సగముమందికి మేజోళ్లిచ్చిరి. తొడిగినవారిలో నూటికి 15 మందికి, తొడుగనివారిలో నూటికి 40 మందికి వ్యాధి తిరుగబెట్టెను. ఈ తేడా చూచి, తొడుగనివారికి అన్యాయమగునని పరీక్షను ముందుగనే ఆపివేసిరి. 2020లో ఈ సంగతి ప్రకటింపబడినది.

ఇందొక గట్టి హెచ్చరిక. పాదమునకు రక్తము సరిగ రానివానికి పట్టీ బిగించుట ప్రమాదము. చిరకాలము చుట్టలు బీడీలు కాల్చి కాలివ్రేళ్లు నల్లబడినవారు, నాలుగడుగులు వేయగనే పిక్క పట్టి నిలిచిపోవువారు, చాలకాలముగ చక్కెరవ్యాధి యున్నవారు, వైద్యునిచే పాదపు నాడిని చూపించుకొనక పట్టీ కట్టుకొనరాదు. జ్వరపు పూన్కు వచ్చిన దినములలోను కట్టరాదు, నిమురరాదు. అపుడు విశ్రాంతి, కాలు ఎత్తి యుంచుట, చల్లని తడిగుడ్డ, వైద్యుడిచ్చిన క్రిమిసంహారకపు మందు మాత్రమే.

ఇక మానని పుండ్లు. చీలమండకు లోపలివైపు కొంచెము పైగా, చుట్టును చర్మము గోధుమరంగు తిరిగి, నెలలతరబడి తడియారక యుండు పుండును మనవారు “చెడు రక్తము” అందురు. రక్తము చెడలేదు, అది పైకి పోలేక నిలిచినది. ఎక్కువసేపు నిలువబడి పని చేయువారికి కాలి సిరలలోని తలుపులు వదులై, రక్తము క్రిందికి జాఱి, చర్మమునకు ఊపిరాడదు. ఇదియు మురుగు సంగతియే, కోడు మాత్రము వేఱు. ఇట్టి పుండునకు ఆకుపసరులు, సున్నము, పేడబూడిద, పసుపుముద్ద వేసి ఎండఁబెట్టుట మన అలవాటు. పుండు ఎండవలయునన్నదియే తప్పు. జార్జి వింటర్ అను నాయన 1962లో పందులపై చేసిన పరీక్షలో, గాలికి ఎండిన గాయముకంటె పొరతో కప్పి తేమగ నుంచిన గాయము సుమారు రెట్టింపు వేగమున చర్మము కట్టినది. కావున కాచి చల్లార్చిన నీటితో కడిగి, శుభ్రమైన కట్టు వేసి, దానిపై పైన జెప్పిన ఒత్తిడి పట్టీ చుట్టినచో చాల పుండ్లు మానును.

మానినది మరల పుట్టకుండవలెనన్న జాఱుచున్న సిరను మూయవలయును. మునుపు గజ్జవద్ద కోసి ఆ సిరను పెఱికెడివారు. ఇప్పుడు ధ్వనితరంగముల బొమ్మలో చూచుచు, మోకాలి సమీపమున సూదిరంధ్రమునుండి సన్నని తీగను దూర్చి, లేసరు వెలుతురుతోనో రేడియో తరంగములతోనో లోపలినుండి కాచి మూసివేయుదురు. రోగి ఆ దినమే నడచి ఇల్లు చేరును. పుండు మానినవెనుక ఈ పని చేయవలెనా, ముందే చేయవలెనా యని ఇంగ్లండులో 450 మందిపై పరీక్షించి 2018లో ప్రకటించిరి. పట్టీ అందఱికిని కట్టిరి. సిరను వెంటనే మూసినవారిలో సగముమందికి 56 దినములలో పుండు మానినది. ఆలస్యము చేసినవారికి 82 దినములు పట్టినది. అనగా మానని పుండున్నవాడు “మానినపిదప పట్టణము పోయెదను” అనుకొనుట నష్టము. ముందే పోవలయును.

నొప్పి తెలియని పాదపు పుండు మఱియొక జాతి. చక్కెరవ్యాధిలోను కుష్ఠులోను స్పర్శ చచ్చుటవలన, మేకు గ్రుచ్చుకొన్నను తెలియక అదే కాలితో నడచి పుండును పెద్దది చేసికొందురు. కుష్ఠురోగి వ్రేళ్లు ఆ రోగమువలన తమంతట కుళ్లి రాలునని లోకము నమ్మియున్న కాలమున, 1946లో వెల్లూరునకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండు, అవి తెలియని దెబ్బలవలన పోవుచున్నవని చూపెను. అరికాలి పుండుపై బరువు పడకుండ పిండికట్టు వేసి కదలకుండ నుంచగా పుండ్లు మానినవి. చక్కెరవ్యాధి పాదమునకు నేటికిని ఉత్తమమైన చికిత్స ఆ జాతి కట్టే. ఇట్టివారు ప్రతి రాత్రియు అరికాలిని అద్దములో చూచుకొనవలయును. చూపు ఆననివారికి మనుమలు చూడవలయును.

కత్తి సంగతి తుదకు వ్రాయుచున్నాను, ఏలయనగా మనవారు మొదట అడుగునది అదే. “కోసి తీసివేసినచో పోదా?” వెనుకటి వైద్యులును అట్లే తలచిరి. హావలాక్ చార్లెసు పేర ప్రసిద్ధమైన శస్త్రచికిత్సలో, వాచిన చర్మమును దాని క్రింది భాగమును కండపై పొరవఱకు ఒలిచి, వేఱొకచోటి చర్మమును అంటింతురు. కాలు సన్నబడునుగాని, ఆ అంటు చర్మము పగిలి, పుండ్లు పడి, పాదము చాలకాలము బాధించును. మిక్కిలి ముదిరిన కాళ్లకు తప్ప దీనిని నేడు చేయరు.

ఇప్పుడు వచ్చినవి చిన్నకోతలు. జపానులో ఇసావో కోషిమా మొదలైనవారు 1990 దశకమునుండి పెంపొందించిన పద్ధతిలో, రెండు మూడు సెంటీమీటర్ల కోతలోనుండి, ఒక మిల్లీమీటరునకు లోపు వ్యాసముగల శోషరస నాళమును ప్రక్కనున్న చిన్న సిరకు సూక్ష్మదర్శినిక్రింద కుట్టుదురు. ఆ దారము వెండ్రుకకంటె సన్నము. ముందుగ ఆకుపచ్చ రంగుమందును చర్మములో ఎక్కించి, ప్రత్యేకమైన కెమేరాతో ఏ నాళము ఇంకను పాఱుచున్నదో చూతురు. పూడిన కోడునకు పక్కనున్న కాలువలోనికి గండి తీయుటవంటిది ఈ పని. కాని గండి తీయుటకు కోడులో నీరు పాఱుచుండవలయును గదా! నాళములు గట్టిపడి మూసికొనిపోయిన కాలికి దీనివలన ప్రయోజనము స్వల్పము, తొలిదశవారికే ఎక్కువ. వాపు ముదిరి క్రొవ్వుగ మారినచో, వ్రేలితో నొక్కినను గుంట పడదు. అట్టి దానికి స్వీడను దేశమున మాల్మో నగరపు హోకన్ బ్రోర్సన్ 1987నుండి సన్నని గొట్టములతో క్రొవ్వును పీల్చి తీయుచు వచ్చెను. చేయిగాని కాలుగాని రెండవదానికి సమానమగును. అయితే ఆ దినమునుండి జీవితాంతము గట్టి మేజోడు తొడిగియే యుండవలయును. విడిచినచో వాపు మరల వచ్చును.

ఈ రెండు చికిత్సలును పెద్ద పట్టణములలో, నేర్పరుల చేతులలోనే కలవు. ఖర్చు తక్కువ కాదు. అంతకంటె ముఖ్యమైనది, కడుగుటయు పట్టీయు నేర్వని కాలికి ఏ మంచి వైద్యుడును కత్తి పెట్టడు. ఒక్క వరిబీజము సంగతి వేఱు. బోదపురుగువలన పురుషులకు బీజకోశమున నీరు చేరినపుడు చిన్న శస్త్రచికిత్సతో అది చక్కబడును. సిగ్గుచే దాచుకొని పంచె చాటున ఇరువదియేండ్లు మోయువారిని చూచితిని. వారికి మాత్రము వెంటనే ఆసుపత్రికి పొమ్మని చెప్పుదును.

మన సంఘము చేయదగిన పని కొంత కలదు. ఎరువుల గిడ్డంగి వెనుక బావియొద్ద ఒక గట్టు కట్టి, రెండు తొట్లు, సబ్బు, ఆరవేసిన గుడ్డలు ఉంచినచో, మడినుండి వచ్చువారు అచ్చటనే కడిగికొందురు. ఇంటివద్ద నలుగురు చూచుచుండ కడుగుటకు సిగ్గుపడు స్త్రీలకు తడిక చాటుండవలయును. ఆరోగ్యశాఖవారు బోదకాలి రోగులకు తొట్టి, చెంబు, సబ్బు, తువాలు, లేపనము గల సంచిని ఉచితముగ నిచ్చుచున్నారు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున పేరు వ్రాయించుకొనవలయును. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఈ రోగులకు పింఛను ఏర్పాటు కలదు. అర్హతను తెలిసికొని దరఖాస్తు వ్రాయుటలో మన గుమాస్తా సాయపడవచ్చును. కంపోస్టు గుంటలప్రక్క నిలుచు మురికినీటిని వారమున కొకసారి త్రవ్వి వదలుట మాత్రము ఎవ్వరికి వారే చేసికొనవలసిన పని.

మాత్రలు పంచువారు వచ్చినపుడు వారి యెదుటనే భోజనానంతరము మ్రింగవలయును. రెండేండ్లలోపు పసివారు, గర్భిణులు, మిక్కిలి జబ్బుపడినవారు మాత్రము తీసికొనరాదు. మ్రింగినపిదప కొందఱికి ఒక దినము తలనొప్పి, జ్వరము వచ్చును. అది రక్తములోని పిల్లపురుగులు చచ్చుటవలన గలుగునది. రక్తపరీక్షకు వచ్చువారు రాత్రి ఎనిమిదిన్నర దాటినపిదప తలుపు తట్టుదురు. పురుగు పిల్లలు రక్తములో తిరుగునది ఆ వేళనే గనుక, నిద్ర చెడినదని వారిని పంపివేయక వ్రేలు చాపవలయును.